చుక్క నీళ్ళు ముట్టని రత్నంతో లేహ్‌కి

లేహ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి జనానికి జవాబులు చెప్పలేక చస్తున్నాను. మంచు చూశారా మేడమ్, కొండలెలా ఉన్నాయి, ఊపిరి ఆడిందా అని ఒకటే ప్రశ్నలు. చూశాను, బాగున్నాయి, ఆడీ ఆడనట్టు ఆడింది. కానీ ఆ పదమూడు రోజులూ నేను ఎక్కువగా ఆలోచించింది నీళ్ళ గురించీ, పొట్ట గురించీ, మరుగుదొడ్ల గురించీ. స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి ఎత్తగానే మా లెక్కల మాస్టారు టిఫిన్ డబ్బాకి మూత పెట్టేశారు. సరే, ఆయన వినకపోతే పోనీ, మీరు వినండి. కాకపోతే టిఫిన్ తినేశాక చదవండి.

మా వీధిలో చేపల రత్నం

నేను టెక్కలిలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. పుట్టిల్లు చీపురుపల్లి దగ్గర, వరీ చోళ్ళూ, అంటే రాగులూ, పండించే ఇల్లు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇంట్లో కూడా ఈల ఊది మాట్లాడతానని మా ఆయన అందరికీ చెప్పుకుంటారు, అందులో అబద్ధం ఏమీ లేదు.

రత్నం అసలు పేరు నూకరత్నం. భావనపాడు మనిషి, ముప్పై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా మా వీధికి చేపలు తెస్తోంది. తెల్లారకముందే ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, ఆటోలో టెక్కలి వచ్చి, అక్కణ్ణించి బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరుగుతుంది. తిరుగుతుంది అన్నానా? కాదు, దూసుకుపోతుంది. ఎండెక్కితే చేప పాడవుతుంది కదా. ఒకసారి చిల్లర ఇవ్వడం మర్చిపోయి స్కూటీ మీద వెనకాల పడితే మూడు వీధులు దాటాక గానీ దొరకలేదు.

రెండేళ్ళ కిందట మా సముద్రం ఒడ్డున ఆడవాళ్ళకి పరుగు పందెం పెడితే నేనే బలవంతంగా దించాను. చెప్పుల్లేకుండా, చీర ఎగ్గట్టి, ఇసుకలో పరుగెత్తి గెలిచింది. తర్వాత విశాఖలో పరుగు సరదా ఉన్న కొందరు కలిసి ఆమెకు బూట్లు కొనిచ్చారు, నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తించారు. అదీ దాటేసింది. ఇక ఈ ఏడాది లేహ్‌లో పరుగుకి పంపుతామన్నారు. పదకొండు వేల అడుగుల పైన, అదే నలభై రెండు కిలోమీటర్లు, ఏడు గంటల్లో పూర్తి చేయాలి. ఏడు గంటల్లోపు గీత దాటితే పతకం. దాటకపోతే ఇంటికి.

ఆ పతకం రత్నానికి ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆమె తల్లి కూడా చేపలమ్మిన మనిషే. ఇప్పుడు మంచంలో ఉంది, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తారు. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు కొత్త మాట కాదు. "మా యమ్మ మెళ్ళో ఎయ్యాలి మేడమ్, బేగి ఎయ్యాలి" అంది బయల్దేరే ముందు. ఆ 'బేగి', అంటే త్వరగా, అన్న మాట విని నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇంకో సంగతి ఇప్పుడే ఒప్పుకుంటాను. స్కూలు ప్రార్థనలో నేను పిల్లలకి రత్నం గురించి గొప్పలు చెప్పేదాన్ని. "చూడండర్రా, నెత్తిన పాతిక కిలోల బుట్టతో ఇన్ని వీధులు తిరుగుతుంది, ఒక్క చుక్క నీళ్ళడగదు. మీరో, రెండు రౌండ్లు కొట్టగానే కుళాయి దగ్గరికి పరుగు!" అని. నిజంగానే ఆమె ఎక్కడా నీళ్ళు తాగేది కాదు. అది ఆమె ఒంటి గట్టితనం అనుకున్నాను. నాకు వ్యాయామం మీద డిగ్రీ ఉందండీ, అయినా అలాగే అనుకున్నాను.

ఉబ్బిన పాకెట్లు, ఉబ్బిన పొట్టలు

రైల్లో ఢిల్లీ, అక్కణ్ణించి విమానంలో లేహ్. విమానం దిగి పది అడుగులు వేసేసరికి మెట్లెక్కినట్టు ఆయాసం. బసకి చేరి సంచీ తెరిస్తే చిప్స్ పాకెట్లు బూరల్లా ఉబ్బి ఉన్నాయి. రత్నం ఒకదాన్ని వేలితో పొడిచి, "ఓలమ్మో, ఇదేటి మేడమ్, దీనికి కడుపొచ్చినట్టున్నాది" అంది. నేను పడీ పడీ నవ్వాను. సాయంత్రానికి మా ఇద్దరి పొట్టలూ అలాగే అయ్యాయి. ఎత్తుకి వెళ్తే బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. పాకెట్‌కైనా పేగులకైనా ఒకటే న్యాయం. మొదటి రెండు రోజులు మా గదిలో వినిపించిన చప్పుళ్ళ గురించి ఇంతకన్నా రాయను.

మేం దిగింది డోల్మా గారనే అరవై ఏళ్ళావిడ ఇంట్లో. మట్టి ఇటుకల ఇల్లు, ముందు బార్లీ చేను, వెనక ఆప్రికాట్ చెట్లు. ఆవిడ హిందీ నా హిందీలాగే కుంటుతుంది కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. రత్నానికి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా మొదటి రోజే వంటింట్లో దూరి, తన శ్రీకాకుళం మాటల్లోనే ఆవిడతో కబుర్లు పెట్టింది.

మొదటి పొరపాటు నాదే. చద్దికి బాగుంటాయని ఎండు నెత్తళ్ళు పట్టుకెళ్ళాను. వేయిద్దామని పొట్లం విప్పగానే డోల్మా గారు మొహం చిన్నబుచ్చుకున్నారు. కోపం కాదు, బాధ. వాళ్ళలో పాతవాళ్ళు చేపలు తినరట. ఒక గొర్రెని కోస్తే ఊరంతా తింటారు, ఈ చిన్న ప్రాణులు ఒక్క మనిషి కడుపుకి ఎన్ని పోతాయి అని అడిగారు. నేను రత్నానికి చెప్పాను. జీవితమంతా చేపలమ్మిన మనిషి ఏమంటుందో అని భయపడ్డాను. రత్నం కాసేపు ఆలోచించి, "ఆవిడ లెక్క ఆవిడిది. మాకాడ గొర్రెలు నేవు, సముద్రమున్నాది. ఆవిడింట్లో వొద్దులెండి" అని పొట్లం మూడు సంచుల్లో చుట్టి అడుగున పెట్టేసింది. ఆ మర్యాద నాకు తట్టలేదు.

మేడ మీద మట్టి దొడ్డి

ఆ ఇంట్లో మరుగుదొడ్డి మేడ మీద ఉంది. గదిలో మట్టి కుప్ప, ఒక పార, నేలలో ఒక కన్నం. అంతే. నీళ్ళుండవు. పని అయ్యాక ఓ పార మట్టి కింద పోయాలి. కింద గదిలో అదంతా ఏడాది మాగి, పొలానికి ఎరువవుతుంది. చలికాలంలో గొట్టాలన్నీ గడ్డకడతాయి, నీళ్ళ దొడ్డి అక్కడ పనికిరాదని డోల్మా గారు చెప్పారు. వాసన కూడా లేదంటే నమ్ముతారా? మా స్కూలు మరుగుదొడ్డి కన్నా వెయ్యి రెట్లు నయం. మొదటిసారి చెంబుతో వెళ్ళి, ఏం చేయాలో తెలియక చెంబుతోనే వెనక్కి వచ్చాను. రెండోసారి మట్టి ఎక్కువ పోసి కన్నం పూడ్చేశాను.

మూడోరోజు బజారుకి వెళ్ళాం. అల్లం వేసిన నూడుల్స్ పులుసు, తుక్పా అంటారు, గిన్నెడు నూట యాభై. మా టెక్కలిలో ఆ డబ్బుకి ఇద్దరు భోంచేయొచ్చు గానీ ఆ చలిలో ఆ వేడి పులుసు గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఎండు ఆప్రికాట్లు నానబెట్టి అమ్ముతున్న ముసలావిడ ఒకటి రుచి చూడమని ఇచ్చింది. నేను అరకిలో కొని దారిలోనే ఖాళీ చేశాను. సాయంత్రం మేడ మీదికి ఎనిమిదిసార్లు ఎక్కి దిగాను. పదకొండు వేల అడుగుల ఎత్తులో ఎనిమిదిసార్లు మెట్లెక్కడం అంటే ఏమిటో ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. డోల్మా గారు కోడలితో ఏదో అని నవ్వారు. అనువాదం అడగలేదు.

రత్నానికి అలాంటి ఇబ్బందే లేదు. రోజు మొత్తం మీద ఒక్కసారి మేడెక్కితే గొప్ప. అదీ మనిషంటే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది కదూ!

నాలుగోరోజు నుంచి సింధు నది ఒడ్డున సాధన. ఆ నది నీళ్ళు బూడిద రంగులో, పక్కన పచ్చటి పొప్లార్ చెట్ల వరస, పైన గడ్డి పరక కూడా లేని కొండలు. రత్నం నడుస్తున్నట్టే మొదలుపెట్టి, ఊపిరి సర్దుకుని, మెల్లిగా వేగం పెంచుతుంటే ఆగి చూసేవాళ్ళు. దారిలో సైనికుడొకడు చేయెత్తి సలాం కొట్టాడు. కానీ ఏడెనిమిది కిలోమీటర్లు దాటగానే ఆమెకు తలనొప్పి, వాంతి. బలం చాలడంలేదని నేను పరుగుకి ముందు గట్టిగా తినిపించడం మొదలుపెట్టాను. పప్పన్నం, పైన నెయ్యి. పప్పు అక్కడ కుక్కర్లో పెట్టినా సగమే ఉడుకుతుంది. ఆ సగం ఉడికిన పప్పు ఆమె కడుపులో అలాగే కూర్చుని, పదో కిలోమీటరు దగ్గర మొత్తం బయటికొచ్చింది. "తిండి నిలబెట్టుకోలేకపోతే పరుగేం పరిగెడతావే!" అని అరిచాను. ఆమె నోరు తుడుచుకుని, "అరవకండి మేడమ్, నాకే సిగ్గుగా ఉన్నాది" అంది.

డాక్టరమ్మ గుడారం

పరుగుకి రెండు రోజుల ముందు అందరికీ వైద్య పరీక్ష. అందులో నెగ్గితేనే ఛాతీకి కట్టుకునే నంబరు ఇస్తారు. గుడారంలో ఒక డాక్టరమ్మ, ఆ ఊరి అమ్మాయే. రత్నం నాలుక చూసింది, చేతి మీద చర్మం పట్టి లాగి వదిలింది, నాడి లెక్కపెట్టింది. తర్వాత గుడారం గోడకి అంటించిన రంగుల పట్టీ చూపించి, మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగింది. పైన లేత పసుపు, కిందకి పోను పోను ముదురు. రత్నం సిగ్గుపడుతూ అన్నిటికన్నా కిందున్న రంగు మీద వేలు పెట్టింది. బెల్లం టీ రంగు.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఎప్పటినుంచి అని అడిగింది. "ఎప్పుడూ అంతే కదా మేడమ్?" అని రత్నం నన్నే అడిగింది.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, నేను తెలుగు చేశాను. ఈ ఎత్తులో గాలి పొడిగా ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఒంట్లో నీరు పోతుంది, ఊపిరేమో రెట్టింపు తీయాలి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. పైగా కొత్తగా వచ్చినవాళ్ళకి మూత్రం ఎక్కువ పోతుంది, దాహం మాత్రం తక్కువ వేస్తుంది. ఇక పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్ళకి వెళ్తుంది, పొట్టకి మిగలదు. ఒంట్లో నీరే లేకపోతే ఆ ఉన్న రక్తమూ చిక్కబడుతుంది. అప్పుడు తిన్నది అరగదు, తాగింది నిలవదు, అన్నీ వెనక్కి వస్తాయి. అంటే కడుపు చెడి నీళ్ళు పోవడం కాదు, నీళ్ళు లేకే కడుపు చెడింది.

నేను రత్నం తల్లి సంగతి చెప్పాను. ఆ జబ్బుకి ఇదీ కారణమని నేను చెప్పలేను, కానీ ఏ మనిషీ కిడ్నీలని ఇలా ఎండబెట్టకూడదు అంది డాక్టరమ్మ. నంబరు ఇవ్వలేదు. రేపు ఇదే వేళకి రండి, రంగు మారితే ఇస్తాను, మారకపోతే పరుగు లేదు అని చీటీ రాసింది. ఒక్కసారిగా లీటర్లు తాగొద్దు, ఉత్త నీళ్ళే తాగొద్దు, ఉప్పు పోతుంది, గుక్క గుక్కగా ఉప్పూ తీపీ కలిపి తాగించండి అని మరీ మరీ చెప్పింది.

బయటికొచ్చి ఒక రాయి మీద కూర్చున్నాం.

"మేడమ్, తిట్టనంటే ఓ మాట సెప్తాను" అంది రత్నం.

"ముందు చెప్పవే. తిట్టడం సంగతి తర్వాత చూద్దాం."

"దాహమెయ్యక కాదు. తాగితే మరి ఒంటికెల్లాల కదా. ఎక్కడికెల్తాను? మీరే సూడండి, ఒక్క సెట్టు నేదు, పుట్ట నేదు. కొండంతా నున్నగా ఉన్నాది. మనిషి కూకుంటే మైలు దూరానికి అగుపిస్తాది."

"ఇంటి దగ్గర కూడా తాగవు కదే!"

"ఇంటికాడ మాత్రం ఎక్కడున్నాది? నాలుగింటికి ఒడ్డుకెల్తాం. సేపలెత్తుకుని ఆటో ఎక్కుతాం. మల్లీ ఇల్లు సేరీసరికి రెండు దాటుతాది. మద్దిలో అంతా ఊరే, జనమే. బుట్ట ఎత్తీ దినాలు ఇల్లు సేరీదాకా నీల్లు ముట్టకే అని మా యమ్మ సిన్నప్పుడే సెప్పీసింది. ఒడ్డునున్న ఆడోల్లం అందరం అంతే. నోరెండకుండా బుగ్గలో సింతపిక్క ఎట్టుకుంటాం."

ఆ చింతపిక్క నేను వందసార్లు చూశాను. వక్క నమిలే అలవాటులాంటిదేదో అనుకున్నాను. ప్రార్థనలో పిల్లల ముందు నేను ఏ గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చానో అది గొప్పతనం కాదు, కూర్చునే చోటు లేకపోవడం. నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టడానికి మనిషి దొరికింది గానీ ఆ మనిషి రత్నం కాదు.

డోల్మా గారి అంగీ

ఇంటికొచ్చి జరిగింది డోల్మా గారికి చెప్పాను. ఆవిడ సగం వినగానే పకపకా నవ్వడం మొదలుపెట్టారు. మా ఇద్దర్నీ చేను గట్టుకి లాక్కెళ్ళారు. ఆవిడ వేసుకునేది గొంచా అనే పొడుగాటి ఉన్ని అంగీ, మడమల దాకా ఉంటుంది. గట్టు మీద నిలబడి, అంగీ కుచ్చిళ్ళు చుట్టూ పరిచి, ఠపీమని కింద కూర్చున్నారు. చుట్టూ ఉన్నిగోడ, మధ్యలో ఆవిడ మొహం. అటువైపు వెళ్తున్న ఒకాయనని పలకరించి, పంటెలా ఉందని కూడా అడిగారు. చిన్నప్పుడు గొర్రెల్ని మేపడానికి నెలల తరబడి చెట్టులేని కొండల్లో తిరిగేవాళ్ళట. ఆడవాళ్ళు తమ గదిని ఒంటి మీదే మోసుకుపోతారు అన్నారు.

నేను అనువాదం చేసేలోపే రత్నం ఎగిరి గంతేసింది. "ఇది మన సీరే కదా మేడమ్! మీరు నాకీ ప్యాంటు ఎందుకేసినారు? దాంతోనే వొచ్చింది సిక్కంతా!"

నిజమే. పరుగుకి ప్యాంటే వేసుకోవాలని పట్టుబట్టింది నేనే. రత్నం సంచీలోంచి పాత నేతచీర తీసి సగానికి చింపింది. నిక్కరు మీద దాన్ని మోకాళ్ళ కిందికి, ఒడ్డున ఆడవాళ్ళు కట్టినట్టు బిగించి కట్టింది. నాలుగు అడుగులు పరుగెత్తి చూసుకుని, "ఇప్పుడు తెండి మీ నీల్లు" అంది.

ఆ రోజంతా నేను పావుగంటకోసారి ఈల ఊదాను, ఆమె గుక్కెడు తాగింది. డోల్మా గారి కుక్క ప్రతి ఈలకీ మొరిగింది. వాళ్ళు వేయించిన బార్లీ పిండిని సంపా అంటారు, వెన్న టీలో ముద్దచేసి తింటారు. రత్నం అది నాకి చూసి, "మన సోడిపిండికి అక్కసెల్లెలు" అని, రాగిపిండిలాగే పలచగా కాచి, వడగట్టి, ఉప్పూ బెల్లం వేసి అంబలి చేసింది. డోల్మా గారు గిన్నెడు తాగి ఇంకో గిన్నె అడిగారు. నెయ్యీ పప్పూ కట్. ఆ అంబలి ఒక్కటీ ఆమె కడుపులో చక్కగా నిలిచింది.

మర్నాడు అదే వేళకి గుడారంలో రత్నం వేలు పట్టీ మీద పైనుంచి మూడో రంగు మీద పెట్టింది. డాక్టరమ్మ నాడి చూసి, నాలుక చూసి, నంబరు చేతికిచ్చింది. బాగా ఎత్తెక్కే దారిలో పరుగెత్తక నడవమని, వాంతులు ఆగకపోతే పరుగు ఆపేయమని మాట తీసుకుంది.

నలభై రెండు కిలోమీటర్లు

పొద్దున్నే చలిలో పరుగు మొదలైంది. ఊళ్ళోంచి నది ఒడ్డుకి దిగి, చాలా దూరం పోయి, చివర మళ్ళీ ఊళ్ళోకి ఎక్కాలి. నేను ముప్పై రెండో కిలోమీటరు దగ్గర ఫ్లాస్కులో అంబలితో నిలబడ్డాను. రంగురంగుల బిగుతు బట్టల మధ్యలో ఎర్ర నేతచీర కనబడగానే కేకలు పెట్టాను. దగ్గరికొచ్చేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది. దారిలో ఎవరో పరుగువాళ్ళు బలానికి మింగే తియ్యటి జిగురు పొట్లం ఇస్తే మొహమాటానికి మింగిందట, మింగినట్టే వచ్చేసిందట.

"ఆపేద్దామా?" అన్నాను.

"ఏలాపాల? రెండుసార్లు ఒంటికెల్లినాను మేడమ్. రంగు బాగానే ఉన్నాది" అంది. అంబలి నాలుగు గుక్కలు తాగి, పళ్ళ మధ్య ఉప్పుకల్లు పెట్టుకుని సాగిపోయింది. వెనకే పరిగెత్తుకొచ్చిన ఒకమ్మాయి, దారిలో ఆమె చీర పరిచి కూర్చోవడం చూసిందట, ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని ఇంగ్లీషులో నన్ను అడిగింది. దారి పొడుగునా ఆడవాళ్ళు ఎలా బిగపట్టుకుని పరిగెడుతున్నారో అప్పుడు అర్థమైంది. డబ్బున్నవాళ్ళకీ అదే బాధ.

నేను జీపెక్కి చివరి గీత దగ్గరికి చేరాను. ఆరు గంటల యాభై మూడు నిమిషాలకి బజారు మలుపులో రత్నం కనబడింది. మూడు వందల మీటర్లు, ఏడు నిమిషాలు. నడిచినా చాలు. కాళ్ళీడుస్తోంది గానీ తల ఎత్తే ఉంది. తల్లి మెళ్ళో పతకం అప్పుడే కనబడిపోయింది.

అప్పుడు ఆగింది. రోడ్డు పక్కన హోటల్లోకి తిరిగింది. అటూ ఇటూ జనం, అక్కడ చీర పరిచి కూర్చునే వీలు లేదు మరి. హోటలాయనని సైగలతో ఏదో అడిగింది, ఆయన వెనక్కి చూపించాడు. నేను జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కింద నుంచి దూరి పరుగెత్తాను. "రత్నం! ఒసే రత్నం! ముందు గీత దాటవే! తర్వాత వెళ్దువుగానీ!" తలుపు అప్పటికే వేసేసుకుంది. అంతకుముందు లోపల ఎవరో ఉంటే, వాళ్ళు వచ్చేదాకా ఆమె తలుపు బయటే నిలబడాల్సి వచ్చిందట. నేను బయట నిలబడి గడియారం చూస్తూ తలుపు బాదాను. నాకు ఈ వయసులో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

బయటికొచ్చి, చీర సర్దుకుని, గీతవైపు మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. దాటేసరికి ఏడు గంటల రెండు నిమిషాలు. పతకాల బల్ల దగ్గరున్న కుర్రాడు గడియారం చూపించి, చేతులు జోడించాడు.

"రెండంటే రెండు నిమిషాలు ఆపుకోలేకపోయావా?" అని ఏడుస్తూ అరిచాను.

రత్నం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా అంది. "మీ గుమ్మం కాడ పన్నెండేల్లు ఆపుకున్నాను మేడమ్. ఇంక ఆపుకోను."

నేను అరవడం ఆపేశాను. బుట్ట మెట్టు కిందే పెట్టు, ఇల్లు కంపొస్తుంది అని మొదటి రోజు చెప్పింది నేనే. పన్నెండేళ్ళలో ఆ మెట్టు దాటి ఆమె రాలేదు, నేను రమ్మనలేదు.

"అమ్మకేం చెప్తావే?" అన్నాను.

"ఇదే సెప్తాను. ఇంటే నవ్వుతాది" అంది, నా చేతిలో ఫ్లాస్కు లాక్కుని అంబలి తాగుతూ. నలభై రెండు కిలోమీటర్లు ఆ కొండల మీద పరుగెత్తి, నిలబడి అంబలి తాగుతున్న ఆ మనిషి కన్నా గొప్ప మనిషిని నేను చూడలేదు. పతకం లేకపోతే లేదు.

మా మెట్టు

టెక్కలి వచ్చిన నాలుగోరోజు పొద్దున్న వీధి చివర "సేపలో!" అని కేక వినబడింది. నేను తలుపు బార్లా తీసి నిలబడ్డాను. రత్నం మెట్టు కింద బుట్ట దింపింది. నేను పక్కకి జరిగాను. ఆమె నా మొహం చూసింది, కాళ్ళు గోనెపట్టాకి తుడుచుకుంది, లోపలికి వెళ్ళి బాత్రూమ్ తలుపు వేసుకుంది.

నేను బుట్ట పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఎదురింటావిడ గిన్నెతో వచ్చి, "ఏటి మేడమ్, ఉద్యోగం మానీసినారేటి?" అని నవ్వింది. రత్నం మా బాత్రూమ్‌కి వెళ్ళింది, వచ్చేదాకా ఆగండి అన్నాను. వీధంతా వినబడేలాగే అన్నాను.

రత్నం బయటికొచ్చింది. వెంటనే బుట్ట ఎత్తుకోలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మేడమ్, ఓ సెంబుడు మంచినీల్లియ్యండి" అంది.

పన్నెండేళ్ళలో ఆమె మా ఇంట్లో నీళ్ళడగడం అదే మొదటిసారి.